విన్నానని రాసిన చెయ్యి

పోయిన వారం మనం మిషనమ్మను చప్పట్ల మధ్య వదిలిపెట్టి వచ్చాం. నిపుణుల సంఘం వాళ్ళు వచ్చారు, లెక్కల యంత్రం చుట్టూ ప్రదక్షిణం చేసినంత పని చేశారు, పరాయి దేశపు యంత్రం కొనే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టామన్నారు. ఆ సందడి సద్దుమణగకముందే బీరువాల వెనకనుంచి మేనకోడలు వచ్చి, "అత్తా, గేట్ల లెక్క రెండోసారి వేస్తే వేరేగా వస్తోంది" అంది. మిషనమ్మ చిరునవ్వు నవ్వి, "సరే, అక్కడ పెట్టి వెళ్ళు" అంది.

పెట్టడానికి ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు.

ఈ వారమే పత్రిక చేతపట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఈవిడ అసలు పేరు ఆఫీసు రికార్డుల్లో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. దేశంలో మొట్టమొదటి లెక్కల యంత్రాన్ని కట్టిన ఇంజినీరు. ఆ కొత్తలో వీధిలోవాళ్ళకు తెలిసిందల్లా 'ఆవిడ ఏదో మిషను పని చేస్తుందట' అని. ఎదురింటావిడ చిరిగిన పరదా ఒకటి పట్టుకొచ్చి, "అంచు మాత్రం కుట్టుపెట్టండి చాలు, తొందరేం లేదు" అందట. ఈవిడ నవ్వాపుకుని, కూర్చుని, చేత్తోనే కుట్టి ఇచ్చింది. ఇక ఆ రోజు నుంచీ మిషనమ్మ. ఆఫీసులో ఎదుట 'మేడమ్', చాటున మిషనమ్మే.

ఆ యంత్రం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీకు నా మీద కోపం వస్తుంది. పెద్ద హాలు నిండా ఇనుప బీరువాలు, వాటి నిండా వెలుగుతున్న వాల్వులు. రేడియోలో నాలుగైదు ఉంటాయే, అవే. ఇక్కడ వేలకు వేలు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు కదా. అందుకని మిషనమ్మ, ఆమె భర్త సరదాకి ఒక పాత రేడియో స్పీకరు తెచ్చి కూడికలు జరిగే చోట తగిలించారు. ఇక చూడండి, యంత్రం పాట అందుకుంది! కూడిక ఒక రకం, హెచ్చవేత ఒక రకం, ప్రతి లెక్కకూ తనదైన వరస. ఎక్కడైనా ఒక వాల్వు తడబడి అంకె జారవిడిస్తే, ఆ పాట మీద సన్నగా, పొయ్యి మీద ఉప్పు పడ్డట్టు, చిటపటమనేది. ఆ చిటపటను పట్టడంలో మిషనమ్మ తర్వాతే ఎవరైనా. కుర్చీలోంచి లేవకుండా, "ఎడమ నుంచి మూడో బీరువా, కింది అర" అనేది. వెళ్ళి చూస్తే అక్కడే వాల్వు చచ్చి పడి ఉండేది.

సరదాగా మొదలైంది కాస్తా ఆఫీసు చట్టమై కూర్చుంది. లెక్క అయ్యేదాకా మిషనమ్మ పక్కన ఉంటుంది. పాట శుభ్రంగా ఉంటే ఫలితాల కాగితం అడుగున తన చేత్తో 'విన్నాను' అని రాస్తుంది. సంతకం కూడా పెట్టదు. ఆ ఒక్క మాట ఉంటే ఆ లెక్కను మళ్ళీ వేసి చూసినవాడు లేడు. యంత్రం మీద ఒకసారి వంతు దొరకడమే గగనం, రెండోసారి ఎవడు వేస్తాడు? వంతెనలు కట్టేవాళ్ళు, రైళ్ళు నడిపేవాళ్ళు, అందరూ ఆ మాటంటే చెవి కోసుకునేవాళ్ళు. భర్త పోయాక కూడా ఆ మాట పోలేదు.

ఇప్పుడు ఆ మాట రాసి ఉన్న పట్టిక ఒకటి నది మీది ఆనకట్టకు వెళ్ళింది. పైనుంచి నీళ్ళు ఎంత వస్తే గేట్లు ఎంత ఎత్తాలో చెప్పే పట్టిక. అక్కడ గేట్ల ఇంజినీరు పరాయివాడు కాదు, స్వయానా మిషనమ్మ అన్నయ్య. మేనకోడలికి కన్నతండ్రి.

మర్నాడు పొద్దున మిషనమ్మ గొడుగు మూలన పెట్టి హాల్లోకి వచ్చేసరికి యంత్రం నడుస్తోంది. కిటికీ అద్దాల మీద వాన ధారగా జారుతోంది. పైన కొండల్లో కూడా కుండపోతగా ఉందని పేపరు వాళ్ళు రాశారు. మేనకోడలు స్పీకరు పక్కనే నిలబడి ఉంది. ఇంట్లో అందరికీ ఆ పిల్ల 'పిట్ట'. గలగలా వాగుతుందని చిన్నప్పుడు పెట్టిన పేరు. ఇవాళ ఆ గలగల లేదు. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

మిషనమ్మ అలవాటుగా మొదటి బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించింది. చూసేవాళ్ళకు బిడ్డ వీపు నిమిరినట్టే ఉంటుంది. నిన్న సంఘంలో ముసలాయన ఒకడు ఆ దృశ్యం చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు కూడా.

"గేట్ల లెక్కేనా? మళ్ళీ ఎందుకు వేస్తున్నావే? మొన్ననే పంపేశాం కదా. మీ నాన్న ఈపాటికి గోడకు అంటించేసి ఉంటాడు. నా చేతిరాత కనబడితే చాలు, ఆయనకు ఎక్కడలేని గొప్ప," అంది.

పిట్ట ఆమె వెనక్కి వెళ్ళింది.

అరచేతి కింద యంత్రం వెచ్చగా, నిండుగా మోగుతోంది. మిషనమ్మకు ప్రాణం హాయిగా ఉంది. ఇంకొన్నేళ్ళు దీన్ని ఎవరూ విప్పరు. పరాయి కంపెనీవాడు దీన్ని ఇనుము కింద తూకం వేయడు. చాలు, ఆ మాత్రం చాలు తనకు, అనుకుంటోంది. అంతలో పక్క గదిలో, యంత్రానికి లెక్క అందించే కాగితం టేపుకు చిల్లులు కొట్టే అమ్మాయిలిద్దరూ పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చారు. ఒకతి చేతిలో నీళ్ళ బకెట్టు. ఇద్దరూ గుడ్లప్పగించి ఆమె వంకా, ఆమె వెనక్కీ చూస్తున్నారు.

"ఏమైందర్రా? బకెట్టెందుకు? ఇక్కడ నీళ్ళు ఒలికాయంటే మీకూ నాకూ నూకలు చెల్లుతాయి," అంది.

మిషనమ్మ వెనక్కి తిరిగింది. పిట్ట వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమన్నావే వాళ్ళతో?"

"వాళ్ళతో కాదు, నీతోనే అన్నాను. నీ వెనక నిలబడి, హాలు తగలబడుతోంది అత్తా అని అరిచాను. పక్క గదిలోవాళ్ళు బకెట్టుతో వచ్చారు. నువ్వు నవ్వుకుంటూ నిలబడ్డావు."

మిషనమ్మ మొహం జేవురించింది. అమ్మాయిలిద్దర్నీ పొమ్మని సైగ చేసింది. వాళ్ళు గుమ్మం దాటారో లేదో విరుచుకుపడింది.

"బుద్ధుందా నీకు? ధ్యాసలో ఉన్న మనిషి వెనక చేరి పరాచికాలా? ఇంత వయసొచ్చింది..."

"ధ్యాస కాదు అత్తా. నాతో కూడా అబద్ధమా?" పిట్ట ఆమె భుజాలు పట్టుకుని మొహంలో మొహం పెట్టి చెప్పింది. "నిన్న చప్పట్లలో నేనేం చెప్పానో నీకు తెలీదు. ఇప్పుడు చిటపట వస్తోంది, అదీ నీకు తెలీదు. నా నోరు చూసి నాతో మాట్లాడుతున్నావు. ఎప్పట్నుంచి?"

ఎప్పట్నుంచని చెప్పాలి? ఇంట్లో కెటిల్ ఈల వేయడం మానేసినప్పటి నుంచి. నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోతున్నా కూత లేదు. ఇంజినీరు కదా, ఊరుకుంటుందా? ఆ ఈలను విప్పింది, కడిగింది, దీపం ముందు పెట్టి చూసింది, రంధ్రం సరిగ్గానే ఉంది. కొత్త కెటిల్ కొంది. అదీ కుయ్యిమనలేదు. దాని మూతి ఎదుట వేలు పెడితే ఆవిరి చురుక్కున కాల్చింది గానీ చప్పుడు మాత్రం రాలేదు. అప్పుడు ఆ వంటగదిలో ఒక్కతే కూర్చుని, పాడైంది కెటిల్ కాదని తెలుసుకుని, లేచి మొహం కడుక్కుని ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు కూడా ఒక కాగితం మీద 'విన్నాను' అని రాసింది.

రాయక ఏం చేస్తుంది చెప్పండి? మానేస్తే ఎందుకని అడుగుతారు. చెబితే ఇంటికి పంపుతారు. అరచేతికి పాట అందుతూనే ఉంది కదా, అదీ వినడమే కదా, అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మీసాలున్నవాళ్ళతో మాటలు తగ్గించింది. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట తనే గడగడా మాట్లాడేది; ఆవిడకు వాగుడెక్కువైందని జనం నవ్వుకున్నారు.

"చిటపట ఎప్పుడు వస్తే అప్పుడు చెయ్యి ఎత్తు," అంది మిషనమ్మ. గొంతులో కోపం పోయింది.

పిట్ట టేపు మొదటికి చుట్టి యంత్రాన్ని మళ్ళీ నడిపించింది. మిషనమ్మ రెండు అరచేతులూ తలుపు మీద పెట్టి, మేనకోడలి వంక చూస్తూ నిలబడింది. చాలాసేపు ఏమీ లేదు. చిన్న అంకెల వరుసలన్నీ గడిచిపోయాయి. ఆ తర్వాత పిట్ట చెయ్యి పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. లేచిన చెయ్యి ఇక దిగలేదు.

అరచేతుల కింద మాత్రం అదే నిండు పాట, ఎక్కడా వంక లేదు. మిషనమ్మ వేళ్ళు నొక్కింది, మణికట్టు ఆనించింది, చివరికి చెంప కూడా ఆనించింది. లావు చప్పుళ్ళు ఒంటికి అందుతాయి. సన్నవి అందవు. ఇంత చిన్న సంగతి, ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్న తనకు తట్టలేదా? తట్టింది. తట్టనట్టు ఊరుకుంది.

రబ్బరు సుత్తి తీసుకుని బీరువాల వెంట నడిచింది. ఒక్కొక్క అరనూ తట్టుకుంటూ, తట్టినప్పుడల్లా పిట్ట చేతి వంక చూసుకుంటూ పోయింది. కూడికల బీరువాలో అన్నింటికంటే పై అర తట్టగానే ఆ చెయ్యి గబగబా ఊగింది. అందులో వాల్వు ఒకటి మసకగా వెలుగుతోంది. తీసి కొత్తది పెట్టింది. పిట్ట చెయ్యి దిగింది. చిటికెలో అయిపోయే పని అది, వింటే.

"పై అర," అంది మిషనమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు. "అన్నింటికంటే పెద్ద అంకె ఉండే చోటు. లెక్క పెద్దదైతే తప్ప దాని అవసరం రాదు."

"అందుకే మామూలు వరుసలన్నీ సరిగ్గానే ఉన్నాయి అత్తా. నది నిండుగా వచ్చే వరుసల్లోనే తేడా. గేటు ఎత్తాల్సినదాంట్లో సగమే ఎత్తమంటోంది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదే? లెక్క వేసిన రోజున నువ్వు ఇక్కడే ఉన్నావుగా?"

పిట్ట తల వంచుకుంది. తల వంచుకుంటే ఆమెకు మాట అందదని గుర్తొచ్చి మళ్ళీ ఎత్తింది. "సన్నగా ఏదో వినిపించింది. ఇంతలో నువ్వు విన్నానని రాసేశావు. నువ్వు విన్నాక నా చెవులదే తప్పనుకున్నాను."

మిషనమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

పై అంతస్తులో డైరెక్టరు గది. డైరెక్టరంటే ఎవరో కాదు, పోయిన భర్తకు తమ్ముడు, ఆమెకు మరిది. కాపురానికి వచ్చిన కొత్తలో అతను బడికి పోయేవాడు. భిన్నాలు రాక ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది తనే. ఈ మధ్య ఆమె గదిలోకి వస్తే చాలు, పని ఆపి, ఎదురుగా కూర్చుని, నింపాదిగా, నోరారా మాట్లాడుతున్నాడు. పదవి వచ్చాక పెద్దరికం కూడా వచ్చింది, వదినంటే ఎంత గౌరవమో అని ఆమె మురిసిపోయేది.

"నువ్వు బయటే ఉండు," అని పిట్టను గుమ్మం దగ్గర ఆపి లోపలికి వెళ్ళింది.

"రండి వదినా, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదురా. గేట్ల పట్టిక తప్పు. ఇప్పుడే ఆనకట్టకు కబురు చెయ్యి. దాన్ని చించి పారేసి పాత పట్టికే పట్టుకోమను."

"తప్పేమిటి? మీరు విన్నారుగా?"

"వినలేదు." ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు. "నాకు వినపడదు బాబూ. చాలా కాలమైంది. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చెయ్యి ఆనించి రాసేస్తున్నాను. నన్ను ఏమన్నా అను, తర్వాత. ముందు కబురు చెయ్యి."

మరిది ఆశ్చర్యపోతాడనుకుంది. కోప్పడతాడనుకుంది. అతను కలం మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"తెలుసు వదినా," అన్నాడు.

ఆమె అతని పెదవులను సరిగ్గా చూశానా లేదా అని సందేహపడింది.

"పోయినేడు పెద్ద మీటింగులో ఫైరు బెల్లు మోగింది, గుర్తుందా? ఉండదులెండి. చెవులు చిల్లులు పడేలా మోగింది. అందరం కుర్చీలు తన్నుకుంటూ లేచాం. మీరొక్కరే కూర్చుని వాల్వుల గురించి చెప్పుకుపోతున్నారు. అబ్బ, ఆవిడ ధైర్యం చూశారా అని నెలల తరబడి చెప్పుకున్నారు జనం. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది."

"తెలిసి ఊరుకున్నావా?"

"చెబితే ఏమయ్యేది? మీరు ఇంటికి వెళ్ళేవారు. ఆ మాట ఎవరు రాస్తారు? నేను రాస్తే నమ్ముతారా? పిట్ట రాస్తే నమ్ముతారా? మీ చెవులతో నాకు పని లేదు వదినా. మీ చేతిరాత ఉంటే చాలు."

ఎవరో నలుగురిలో చెంప మీద కొట్టినట్టయింది ఆమెకు. ఇన్నాళ్ళూ తను లోకాన్ని మోసం చేస్తున్నానని కుమిలిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టిన బొమ్మ తనేనని ఇప్పుడు తెలిసింది. ఆ నింపాది, ఆ నోరారా మాట్లాడడం, అంతా ఇందుకా! గౌరవమనుకుందే, ఛీ!

"అలా చూడకండి," అన్నాడు మరిది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు రాక్షసుడేం కాదు, అదే వచ్చిన చిక్కు. "అన్నయ్య ప్రాణమంతా దాంట్లోనే పోశాడు. ఈ ఒక్క పట్టిక తప్పని ఒప్పుకుంటే మిగతావి కూడా తప్పేమోనంటారు. మీరు విన్నానని రాసిన ప్రతి వంతెనా మళ్ళీ లెక్కేయాలి. నిన్న చప్పట్లు కొట్టినవాళ్ళే రేపు లారీ తెస్తారు. కింద దాని మీద ఎంతమంది బతుకుతున్నారో మీకు తెలియదా? వచ్చే నెల సవరించిన పట్టిక అని కొత్తది పంపుదాం. గుట్టుగా. ఎవరికీ అనుమానం రాదు."

"వాన నెలదాకా ఆగుతుందా?"

"ఆ వరుసల దాకా నీళ్ళు రావడం మన జన్మలో చూశామా వదినా?"

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన మిషనమ్మ మనసు కూడా ఊగింది. చూడలేదు కదా, అనుకుంది. నది ఎప్పుడూ అంత రాలేదు కదా. నెల రోజులేగా. కింద హాల్లో వెచ్చగా మోగుతున్న ఆ యంత్రం, దాని మీద భర్త తన చేత్తో బిగించిన మరలు, అన్నీ కళ్ళముందు కదిలాయి. ఊరుకుంటే అన్నీ ఉంటాయి. తను కూడా ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. కిటికీ వంక చూసింది. అద్దం అవతల వీధి కనబడడం లేదు, అంత వానగా ఉంది.

"గేట్ల దగ్గర ఉన్నది మా అన్నయ్యరా," అంది. "దిగువన ఊరుంది. ఫోను ఇటు ఇవ్వు."

మరిది ఫోను ఆమె ముందుకు తోశాడు.

"ఇదిగో, మాట్లాడండి. అవతలివాళ్ళు ఏమన్నారో నాక్కూడా కాస్త చెప్పండి."

అనేసి, అన్న మాటకు తనే సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు. మిషనమ్మ గుమ్మం వంక తిరిగి, "పిట్టా!" అని పిలిచింది.

"నేను చెబుతాను అత్తా, నువ్వు కూర్చో," అంది పిట్ట వస్తూనే.

"వద్దు. రాసింది నేను, చెప్పాల్సింది కూడా నేనే. లైను కలిపి, అవతల ఎత్తగానే నాకు ఇచ్చెయ్. ఆ తర్వాత ఆయన ఏమన్నాడో నువ్వు విని చెప్పు."

లైను కలవడానికి చాలాసేపు పట్టింది. పిట్ట మాటిమాటికీ మీట నొక్కింది, ఎక్స్ఛేంజిలో ఉన్నవాళ్ళను బతిమాలింది, ఒకసారి తిట్టింది కూడా. చివరికి కళ్ళు పెద్దవి చేసి, "ఎత్తారు, ఎత్తారు" అని రిసీవరు ఆమె చేతిలో పెట్టేసింది. గేట్ల గదిలో ఫోను ఎప్పుడూ అన్నయ్యే ఎత్తుతాడు. ఇంకెవర్నీ ముట్టనివ్వడు, అదో చాదస్తం ఆయనకు.

"అన్నయ్యా, నేను, బుల్లిని," అంది మిషనమ్మ. "నువ్వేం మాట్లాడకు. మాట్లాడినా నాకు వినపడదు. చెప్పేది విను. నేను పంపిన పట్టిక తప్పు. పై వరుసలన్నీ తప్పు. నీళ్ళు ఎక్కువగా వస్తుంటే దాన్ని నమ్మకు, పాతది తీసి చూడు, లేదంటే గేట్లన్నీ పూర్తిగా ఎత్తెయ్. నా చేతిరాత చూసి మోసపోకు అన్నయ్యా. నేను వినలేదు. వినకుండానే రాశాను. చెవుడు వచ్చింది నాకు, చెవుడు! చిన్నప్పుడు అనేవాడివి చూడు, మా బుల్లివి పాము చెవులని. అవి పోయాయి. చెప్పుకోడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు తీసుకొచ్చి నీ గోడకు అంటించాను. నన్ను తిట్టు, ఇంటికి రానివ్వకు, ఏం చేసినా పడతాను. ముందు గేట్లు చూసుకో."

తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు. గుమ్మంలో టేపు అమ్మాయిలిద్దరూ వచ్చి నిలబడ్డారు, వాళ్ళ వెనక ఇంకా ఎవరెవరో. అందరూ విన్నారు. విననీ. ఇన్నాళ్ళ బరువు దిగిపోయి ఆమెకు ఏడుపొచ్చింది. చెవికి ఆనించిన రిసీవరులో ఏదో సన్నగా అదురుతోంది, ఆగుతోంది, మళ్ళీ అదురుతోంది. అన్నయ్య కూడా ఏడుస్తున్నాడనుకుంది. మెత్తటి మనిషి, ఏడుస్తాడు.

"ఇదిగో, మీ నాన్నతో మాట్లాడు," అని రిసీవరు పిట్టకు ఇచ్చి, కన్నార్పకుండా ఆ పిల్ల పెదవులనే చూస్తూ నిలబడింది.

"నాన్నా?" అంది పిట్ట.

ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"మీరెవరు?"

మిషనమ్మకు ఆ మాట అందింది గానీ బుర్రకెక్కలేదు. అన్నయ్య కాకపోతే, తను ఇంతసేపు ఎవరితో చెప్పుకుంది?

"ఎప్పుడు?" అంటున్నాయి పిట్ట పెదవులు. "పొద్దున్నా? నీళ్ళు అంత వచ్చాయా? ఎన్ని గేట్లు ఎత్తారు? పట్టికలో ఉన్నంతేనా? ... మరి మా నాన్న ఏరీ? ఆయన్ని పిలవండి. పిలవండి, ఫర్లేదు, నేను ఉంటాను..."

ఆ తర్వాత పిట్ట రిసీవరును రెండు చేతులతో పట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది.

"ఇటు తిరిగి మాట్లాడవే," అంది మిషనమ్మ. "నాకేం తెలియడం లేదు. పిట్టా! ఇటు తిరుగు."

పిట్ట తిరగలేదు. వెనకనుంచి ఆమెకు జడ ఒక్కటే కనబడుతోంది, భుజాలు కనబడుతున్నాయి. మిషనమ్మ మరిది వంక చూసింది. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, పెదవులు బిగించుకుని. గుమ్మం వంక చూసింది. టేపు అమ్మాయిలిద్దరూ ఒక్కసారే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ చేతుల వెనక వాళ్ళు ఏమన్నారో ఆమెకు కనబడలేదు.